ఏకాంబరం కత్తి తుడిచే కాగితం

చింతాద్రిపేటలో చేపల బజారు దాటాక
రెండు కుర్చీల సెలూను ఏకాంబరానిది.
వెనక గోడ మీద అరవంలో ఒక బోర్డు:
"ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు."
దాని కింద బల్ల మీదే కూర్చుని
పొద్దున ఆరింటి నుంచీ అందరూ అవే మాట్లాడతారు.

నేను బొమ్మలేసేవాణ్ణి.
సాయంత్రం పత్రికలో, మూడో పేజీ పై మూల,
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద జాగా.
గీత నాది, కింద మాట సెల్వమణిది.
ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం.
గీతకి యాస ఉండదనుకుంటూ
ఇరవై రెండేళ్లు లాగించాను.
సంతకం బదులు ఓ చీమను పెడతాను.
పిల్లలు ముందు దాన్నే వెతుకుతారట.

ఎప్పుడూ ముక్కుతో మొదలుపెడతాను.
ముక్కు దొరికితే మనిషి దొరికినట్టే.
ఒకప్పుడు ఆ ముక్కున్న పెద్దమనిషే ఫోన్ చేసి
"ఇంత పొడుగా నాది?" అని నవ్వి,
అసలు బొమ్మ అడిగి పట్టుకెళ్లి
హాల్లో మేకు కొట్టించుకున్నాడు.
ఇప్పుడొక ముక్కు గీస్తే
ఊరంతా తుమ్ముతోంది.

మొన్న వాననీళ్లలో తేలే మంచం గీశాను.
మంచం మీద ముసలమ్మ, ఒళ్లో ఇడ్లీ కుక్కరు.
ఇటు గట్టు మీద ఒకడు, అటు గట్టు మీద ఒకడు.
ఈ నీళ్లు మీ హయాంలోవంటే మీ హయాంలోవని
చేతులు తిప్పుతున్నారు.
పంచెల అంచులకి రంగైనా వేయలేదు.

రాత్రి పదికల్లా ఫోన్లు.
ఎడమ గట్టు వాడి బొజ్జ మా నాయకుడిదేనని ఒకరు,
కుడి గట్టు వాడి చెప్పులు మావాడివేనని ఇంకొకరు.
"వాడు తెలుగోడు, అందుకే అలా గీశాడు."
"తెలుగోడై ఉండీ అలా గీశాడా!"
ఒక్క బొమ్మకే ఈ రెండూ.
ముసలమ్మ ఎవరని ఒక్కరూ అడగలేదు.
మా సందు చివర పొయ్యి పెట్టుకునే ధనకోటి ఆవిడ.
కుక్కరు మాత్రం దక్కింది.

ఆదివారం గడ్డం చేయించుకుందామని వెళ్లాను.
అలమార మీద పాత పేపర్లు
చదరాలుగా కోసి, రెండు కట్టలు.
"రెండెందుకు ఏకాంబరం?"
నురగ పూస్తూ చెప్పాడు:
"ఊదా అంచు పంచె వస్తే ఈ కట్ట,
చిలకపచ్చ అంచు వస్తే ఆ కట్ట సార్.
ఎవరికి ఎవరు గిట్టరో
వాళ్ల మొహం మీద కత్తి తుడుస్తాను.
చూసి నవ్వుతాడు. మెడ వదులుతాడు.
మెడ వదిలితే గడ్డం గాటు పడకుండా తెగుతుంది."

పక్క కుర్చీలోంచి రేడియో ఏదో గొణుగుతోంది.
ఓరకంట చూశాను.
ఈ కట్ట పైనా నా మంచమే,
ఆ కట్ట పైనా నా మంచమే.
రెండు చోట్లా మూలన చీమ.

"మీ బొమ్మకి ఆ బాధ లేదు సార్,
ఎవరొచ్చినా పనికొస్తుంది."
తిట్టాడో మెచ్చుకున్నాడో
ఆ నురగలోంచి అడగలేకపోయాను.

మొదటి గీటు చెంప మీంచి దిగింది.
కత్తి గాల్లో ఆగింది.
"మీకేది సార్?"

అద్దంలో బోర్డు అక్షరాలు తలకిందులు కాకుండానే
తిరగబడి ఉన్నాయి.
ఎవరూ కాదు, ఏదైనా ఒకటే అందామనుకున్నాను.
కానీ నాకూ ఒక కట్ట ఉంది.
దాని రంగు నాలుక చివరిదాకా వచ్చింది.
ఇరవై రెండేళ్లుగా ఇండియన్ ఇంకులో ముంచి
దాన్నే నల్లగా చూపిస్తున్నానేమో.

ఏకాంబరం ఇంకో క్షణం చూశాడు.
తర్వాత కత్తిని
తన ఎడమ ముంజేతి మీదే తుడుచుకున్నాడు.
తెల్లటి నురగలో నా గడ్డం ముక్కలు,
చీమలు.

"మెడ వదలండి సార్," అన్నాడు.