గాలి లేచినప్పుడు

బోరా గాలి మొదలైన రెండో రోజున
బ్రిస్కో నా చెయ్యి కరిచాడు.
కోపంతో కాదు. కిటికీ రెక్క ఠపీమని కొట్టుకుంది,
ఆ చప్పుడుకీ వాడి పళ్ళకీ మధ్య
నా మణికట్టు ఉంది, అంతే.

మూడో అంతస్తు ఫుల్వియో మెట్ల మీద ఆగి
కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నాడు.
కట్టు కట్టుకున్న చేత్తోనే
ఆయన మొహం మీద తలుపేశాను.
తర్వాత కూర్చుని ఫోన్లు చేశాను.

మొదటి పెద్దమనిషి ఇల్లు బర్కోలా తీరాన.
గోడనిండా పత్రాలు, వాటికి బంగారు ముద్రలు,
ఫోటోల్లో ఆయన, ఆయన పక్కన
శిలల్లా కూర్చున్న కుక్కలు.
వెతికాను. నాలుక బయటపెట్టి నవ్వే కుక్క
ఒక్కటీ లేదు ఆ గోడ మీద.
ఏడు రోజుల్లో గొర్రెపిల్లని చేసిస్తానన్నాడు,
హామీ రాసిస్తాడట.
సొరుగు లాగి, మేకుల గొలుసు బల్ల మీద పోశాడు.
గలగలమన్న ఆ చిన్న చప్పుడుకే
బ్రిస్కో నా కుర్చీ కిందకి దూరాడు,
ముప్పై కిలోల ప్రాణం
చేతిరుమాలంత మడత పడి.

ఇంకొకావిడ ఫోన్లోనే ధర తగ్గించింది,
కుక్క పేరైనా అడక్కుండా.

నాకు పత్రాల భాష అంతగా రాదు.
ట్రియెస్తె రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు క్రేను నడిపాను,
ముందు కాఫీ బస్తాలు, తర్వాత కంటైనర్లు.
కొత్తవాళ్ళు లైసెన్సు ఊపుకుంటూ వచ్చేవాళ్ళు.
దాన్ని చూసి తలూపేదాన్ని, అది ఉండాల్సిందే కాబట్టి.
ఆపైన గాలి లేచేదాకా ఆగేదాన్ని.
పని రానివాడు గాలితో పంతానికి పోతాడు.
పని తెలిసినవాడు బరువు దించి, మీట వదిలి,
జేబులో చేతులు పెట్టుకుంటాడు.

అందుకే ఒపిచీనా కొండ మీది నివెస్‌ని
ఒకటే అడిగాను:
మీరు వేరేవాళ్ళ కుక్కకి నేర్పుతుంటే చూడొచ్చా?
శనివారం రండి, ఒంటరిగా రండి అంది.

వెళ్ళాను. కంచె అవతల బురద,
రబ్బరు బూట్లు, రొట్టెలు కాల్చే ఎర్నెస్తో గారి
మొండి ఆడకుక్క.
పావుగంట బాగానే సాగింది.
ఎక్కడో మోటారు సైకిలు మోగింది, కుక్క బిగుసుకుంది,
పెదవులు నాక్కుంది, కళ్ళ అంచున తెల్ల గీత.
నాకే కనబడలేదు అది. నివెస్ చెబితే చూశాను.
తాడు వదులు చేసి, ఈ రోజుకి చాలంది.
సగం డబ్బు ఎర్నెస్తో చేతిలో పెట్టింది.
ఆయన గొణిగాడు. నేను మాత్రం
కంచె పట్టుకుని అలాగే నిలబడ్డాను,
పాత రేవు వాసన ముక్కుకి తగిలినట్టయి.

మా ఇంటికొచ్చి వంటగది నేల మీద
పక్కకి తిరిగి కూర్చుంది, వాడి వైపు చూడకుండా.
రాత్రి ఏ పక్కకి పడుకుంటాడు,
తల ఎడమకే ఎందుకు విదిలిస్తాడు,
నేను తాడు పట్టుకుంటే దేన్ని ఎత్తుతున్నాననుకుంటాను
అన్నీ అడిగింది.
లేచి, నేనిప్పుడే మొదలుపెట్టను అంది.
ముందు ఆ చెవి డాక్టరుకి చూపించండి,
నొప్పికి నా దగ్గర పాఠం లేదు.

చెవి లోపల
పోయిన వేసవి గడ్డి గింజ, ములుకుతో సహా.

ఆ తర్వాతే వారానికో రోజు వచ్చింది.
ఎక్కువ పాఠాలు నాకే. పిడికిలి విప్పడం
ఈ వయసులో నేర్చుకున్నాను.

ఫిబ్రవరిలో మళ్ళీ బోరా.
వాడు మంచం కిందే ఉన్నాడు, అబద్ధమెందుకు.
ముక్కు మాత్రం బయట పెట్టాడు.
నేనూ నేల మీద కూర్చున్నాను, పక్కకి తిరిగి,
మోకాళ్ళు తిట్టుకుంటూ.
కిటికీ ఠపీమంది.
ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం.

నివెస్ మొదటిరోజు రాసిచ్చిన చీటీ
ఫ్రిజ్ మీద అలాగే ఉంది.
మొదటి మాట కుక్క గురించి కాదని
ఇన్నాళ్ళూ దాటేసి చదివాను:
కిటికీ గడియ బాగు చేయించండి.