గులాబీ శిస్తు

గొర్రె తోలు. రెండు అరచేతులంత.
మెడ దగ్గరి ముక్క కాబోలు, ఒక మూల ఒంపు తిరిగింది.
పై అంచు మాత్రం కావాలనే వంకరగా కోశారు, పంటి గాట్లలా.
ఒకే తోలు మీద రెండుసార్లు రాసి,
నడిమధ్య అక్షరాలు తెగేలా కోసి
అన్నకొకటి, చెల్లెలికొకటి.
రెండు అంచులూ కలిస్తేనే మాట నిజం.
మా దగ్గరున్నది ఒకటే.

యార్క్ నగరం, దస్తావేజుల గది, నవంబరు.
వేళ్లు కొంకర్లు పోతున్నా తొడుగులు వేసుకోను.
తోలు సంగతి తోలుకే తెలుస్తుంది.

చెక్కుబంది చదివి వినిపించాను:
తూర్పున తాడు పేనేవాళ్ల సందు.
దక్షిణాన కొవ్వొత్తుల హ్యామో గోడ.
పడమర మురుగు కాలవ, అది దాటితే నది.
ఉత్తరాన చనిపోయిన రాల్ఫ్ ఇల్లు.
(చనిపోయినా హద్దు రాయికి అతని పేరే.)
ఈ నాలుగింటి మధ్య ఉన్న పెరడు
గిల్బర్ట్ అనే నేను నా చెల్లెలు ఐసోల్డాకు,
ఆమె కడుపున పుట్టినవాళ్లకు, వాళ్ల పిల్లలకు
ఎల్లకాలానికీ ఇచ్చాను,
ఏటా సెయింట్ జాన్ పండగనాడు
ఒక ఎర్ర గులాబీ శిస్తుగా చెల్లించేట్టు.

బల్లకు ఆ కొసన పియర్స్ అవుత్‌వెయిట్,
ఈ కొసన బ్రయొనీ అవుత్‌వెయిట్.
మేనత్త పోయిన దగ్గర్నుంచీ
ఇద్దరి మాటలూ లాయర్ల కవర్లలోనే, స్టాంపులంటించుకుని.
ఇల్లు అతనికట, పెరడూ కూలిన షెడ్డూ ఆమెకట.
దారి ఎవరిదో తేల్చడానికి వచ్చారు.
దారి గురించి ఇందులో ఒక్క ముక్క లేదు.

తోలు తిరగేశాను.
వెనక వరసగా చిన్న చిన్న గీతలు,
ఏడు ఒకే సిరాతో,
తరవాత చాలా ఖాళీ,
తరవాత గోధుమ రంగు సిరాతో మూడు, వణుకుతూ.
ఏటికొక గీత. గీతకొక పువ్వు.
ఆ ఖాళీలో ఏం జరిగిందో గొర్రెకు తెలీదు.
చచ్చారా, అలిగారా, ఆ ఏళ్లలో
పురుగు పట్టి మొక్కే పోయిందా?

బ్రయొనీ నవ్వింది, చాలా రోజుల తరవాత నవ్వినట్టు, కొంచెం గీరుకుంటూ.
"అయితే ఆరువందల చిల్లర గులాబీలు బాకీనా నేను?"

అప్పుడు కనిపించింది నాకు.
రెండు వరసల మధ్య, ఊపిరాడని చోట
తరవాత గుర్తొచ్చి ఇరికించిన ఒక లాటిన్ మాట:
అడిగితే.
అడిగితేనే ఇవ్వాలి. అడక్కపోతే బాకీ లేదు.
రాయించింది అన్నా? పట్టుబట్టింది చెల్లెలా?
రాసే కుర్రాడు గుమ్మం దాకా పోయి
మళ్లీ వెనక్కి రావలసి వచ్చిందా దీనికోసం?
పచ్చ మైనం ముద్ర వెనక బొటనవేలి గుంట ఒకటుంది.
నా వేలు అందులో పట్టదు. చిన్న చెయ్యి.

"అడిగితే" అని పైకి చదివాను.
పియర్స్ కిటికీ వైపు చూశాడు.
పెద్ద చర్చి గంట నాలుగు కొట్టింది,
అతను నాలుగూ లెక్కపెట్టినట్టున్నాడు.
"ఈ నెలలో గులాబీలు దొరకవు" అన్నాడు ఎవరితోనో.

ఫోటోకాపీ కావాలన్నాడు. నలభై పెన్నీలు.
జేబులు తడుముకున్నాడు, కార్డు తప్ప ఏమీ లేదు,
మా యంత్రం కార్డు తీసుకోదు.
ఆమె పర్సు జిప్పు చప్పుడు.
రెండు ఇరవైలు బల్ల మీద జరుపుకుంటూ వచ్చాయి,
ఆ కొస నుంచి కాదు, ఈ కొస నుంచి.

రసీదు ఎవరి పేరున రాయాలని అడిగాను.
ఇద్దరూ ఒకేసారి ఇంటిపేరు చెప్పారు.

తోలును మళ్లీ పెట్టెలో పెడుతుంటే
కోసిన అంచు నా చొక్కా చేతికి తగులుకుంది.
విడిపించడానికి చాలాసేపు పట్టింది.
లాగితే చినుగుతుంది.