మసి

ఎనికేపాడు దాటాక ఆ షోరూమ్.
గేటు దగ్గరే తాళం తీసుకుని
చేతిలో కాఫీ పెట్టారు.
దాని ఖరీదు సాయంత్రం బిల్లులో ఎక్కడా కనపడలేదు.
కానీ ఉంది, ఎక్కడో ఉంది.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు కాటా చూసినవాణ్ణి,
రాయని తరుగు ఎక్కడ దాక్కుంటుందో
నాకు తెలియదా.

లోహిత్ అట అబ్బాయి పేరు. మడత నలగని చొక్కా.
ట్యాబు మీద వేలితో పైకి తోస్తున్నాడు,
తోసేకొద్దీ వస్తోంది:
ఇంజన్ ఆయిలు, డీజిల్ ఫిల్టరు,
నాలుగు వేల ఏసీ ఫిల్టరు,
వెనక బ్రేకు ప్యాడ్లు, వాటికి సెన్సార్లు
(అరిగిపోయామని చెప్పడానికి కూడా
జీతం పుచ్చుకునే తీగముక్కలు),
ముందు ఎడమ వైపు గాలి సంచి.
"సంచా?" అన్నాను.
"సస్పెన్షన్ సార్. ఒకటి మారిస్తే రెండోది అలుగుతుంది.
జతగా మార్చాలి."
లేబరు గంటకి మూడు వేల రెండొందలు.
పన్ను వేరే.

రెండు లక్షల పద్నాలుగు వేల ఆరొందలు.

నాకు రూపాయల్లో లెక్క అందదు.
టిక్కీకి నా కమీషను నూట పది.
అంటే పందొమ్మిది వందల యాభై టిక్కీలు.
ఒక్కోటీ ఎవరో కల్లంలో కాళ్ళు మండేలా తొక్కి కుట్టిందే,
ఎవరో కొక్కెం గుచ్చి వీపుకెత్తుకున్నదే.
పందొమ్మిది వందల యాభై వీపులు
కాఫీ మిషను పక్కనుంచి
వంగి నడుచుకుంటూ
ఆ అద్దాల గదిలోకి వెళ్ళిపోయాయి.

తేజ రకం క్వింటా ఇరవై నాలుగు వేలు పలికిన ఏడు
కొన్నానీ బండి.
ఆ ఏడు మా లైనంతా కొన్నాం.
యార్డు బయట తెల్లవీ నల్లవీ
ఏనుగుల్ని కట్టేసినట్టుండేది.
"ఏనుగుని కొన్నాక అంకుశానికి ఏడిస్తే ఎట్టా"
అంటాడు గుమాస్తా పున్నారావు,
నా మొహంకేసి కాదు, చిట్టాకేసి చూస్తూ.
అంకుశమైతే బాగానే ఉండును.
వీళ్ళు ఏటా ఏనుగుని ఒక సిబ్బెలో పెట్టి
రెండో సిబ్బెలో నన్ను కూర్చోబెడుతున్నారు.

ఆటోనగర్ సుభానీ నవ్వాడు.
"నా దగ్గరికి తే అన్నా, అరవైలో చేస్తా.
కాకపోతే దాని కంప్యూటరు నాతో మాట్లాడదు."

డబ్బు కట్టి తెచ్చుకున్న పదో రోజు
పసుప్పచ్చ దీపం వెలిగింది.
ఫోన్లో లోహిత్:
"పొగ ఫిల్టర్లో మసి పట్టింది సార్.
మీరు బండిని నడపట్లేదు."
నిజమే. పట్టాభిపురం నుంచి యార్డుకి,
యార్డు నుంచి పట్టాభిపురానికి.
"హైవే మీద అరగంట ఆపకుండా కొట్టండి,
దానంతటదే కాలిపోతుంది.
లేదంటే ఆ ఫిల్టరు..." అని ఆగాడు.
అతను ఆగిన చోట
మూడున్నర లక్షలున్నాయి.

అందుకే రాత్రి పదకొండింటికి, ఏ పనీ లేకుండా,
ఏటుకూరు దగ్గర ఎక్కి
చిలకలూరిపేట వైపు.
మసిని కాల్చడానికి డీజిలు కాలుస్తూ.
ఎక్కడికండీ అని మా రత్నమాణిక్యం అడిగితే
"బండికి వాకింగు" అన్నాను.
నవ్వలేదు.

యడ్లపాడు దగ్గర ఎదురుగా లారీ,
నా కొట్టు ముందు దిగేలాంటి సరుకు.
టిక్కీల మీద, తాళ్ళ మధ్య
తువ్వాలు ముసుగేసుకుని ఒక రైతు
వెల్లకిలా నిద్రపోతున్నాడు.
అది దాటగానే
నాలుగు వేల ఫిల్టరు తోసుకుని
ఘాటు లోపలికొచ్చింది.
రెండు తుమ్ములు.
కళ్ళు తుడుచుకుని చూస్తే దీపం ఆరిపోయింది.

మసి కాలిందన్నమాట.

వెనక్కి తిప్పాను.
ముందు ఆ లారీ ఎర్ర దీపాలు. దాటబుద్ధి కాలేదు,
దాని వెనకే మెల్లగా గుంటూరు దాకా.
స్టీరింగు మీద నా చూపుడువేలు
నేను చెప్పకుండానే
టిక్కీకి ఎంత తరుగు తియ్యొచ్చో
లెక్క కడుతోంది.