ఇంకో విస్తరి

గుణుపురం డేరా టాకీసులో
మొదటిసారి రాక్షసుణ్ణే చూశాను,
అదీ అమ్మ వేళ్ళ సందుల్లోంచి.

మూడోసారికి దారం దొరికింది.
ఎగిరే మంచం కోళ్ళకి సన్నటి నల్లదారం.
"మోసం పట్టేశా" నంటే
ఆపరేటర్ దండాసి రీలు మారుస్తూ
"అయితే దించు, చూద్దాం" అన్నాడు.
దించలేకపోయాను.

తెలుగు రాని కుంతలా మావుసీ
మాటకంటే ముందే నవ్వేది.
ఆ నవ్వు కోసం ఒక ఆటంతా
తెరకి వీపు పెట్టి కూర్చున్నాను.

వంశధార పొంగి
నౌపడ రైలు రాని రాత్రి
డేరాలో తొమ్మిదిమందిమి.
రాక్షసుడు ఒంటరిగా భోంచేస్తున్నాడు.
ఎన్నడూ చూడలేదు,
వాడి ఎదుట ఇంకో విస్తరి,
నీళ్ళు చల్లి, వడ్డించి,
ఎవరూ కూర్చోనిది.

ఎవరికని దండాసినడిగాను.
"నాకూ తెలీదు. రేపు రా."