నీడక్కూడా ఇనుము

బ్రాడ్వేలో మా ఫ్రేముల కొట్టు.
ఇద్దరు నిలబడితే మూడోవాడు వానలోనే.
సోమవారం హైకోర్టు ప్లీడరుగారొకరు
గొట్టంలా చుట్టిన కాగితం తెచ్చి
బల్లమీద పరిచి, నాలుగు మూలలా
టేపు, కత్తెర, నా టీగ్లాసు, ఆయన సెల్‌ఫోను పెట్టారు.
"పాత ఫ్రెంచి అచ్చు. జాగ్రత్తమ్మా."

పారిస్‌లో ఏదో మేడ. బాల్కనీ కటకటాలు.
తీగ మీదికి తీగ పాకి
ఆకు చివర ఆకు ముడుచుకుని
జిలేబీ చుట్టినట్టు ఇనుము.

నాకీ బొమ్మ తెలుసు.
తండయారుపేటలో మా తాత కొలిమి పక్కన
గోడకి గంజితో అంటించి ఉండేది,
పొగచూరి, కుడివైపు కింది మూల చిరిగి.
పుదుచ్చేరి నుంచి వచ్చిన సామాన్ల పెట్టెలో
అడుగున పరిచిన కాగితమట.

లింగిచెట్టి వీధి మిరియాల షావుకారు
"అచ్చం ఇట్లాగే కావాలి, వీరబ్రహ్మాచారీ" అన్నాడు.
అచ్చం అంటే అచ్చమే తాతకి.
బొమ్మ చెక్కినవాడు తీగల వెనక
నీడ కోసం సన్నగా గీతలు గీశాడు.
తాత వాటినీ లెక్కపెట్టాడు.
నూట పన్నెండు కడ్డీలు
కాల్చి, సాగగొట్టి, ఏటవాలుగా బిగించాడు.
ఎత్తడానికి ఎనిమిది మంది కావలసొచ్చింది.
షావుకారు సగం కూలే ఇచ్చాడని
నాయనమ్మ చచ్చేదాకా
మిరియాల చారు కాచలేదు.

మరి చిరిగిన మూల?
అక్కడేముందో ఎవరినడగాలి?
నెల్లాళ్ళు చూసి, పెరట్లోంచి
ఒక పొట్లకాయని తెచ్చి వేలాడదీశాడు,
వంకర పోకుండా కొసకి కట్టిన రాయితో సహా.

ఇప్పుడు నా బల్లమీద ఆ మూల చిరగలేదు.
టీగ్లాసు జరిపి చూశాను.
ఏమీ లేదు. తెల్లగా ఉంది.
చీమతలంత అక్షరాల్లో చెక్కినవాడి పేరు.
"ఆ పేరు కనబడేట్టు కట్టమ్మా,
దానికే విలువ" అన్నారు ప్లీడరుగారు.

మర్నాడు లింగిచెట్టి వీధికి వెళ్ళాను.
కింద జిరాక్సులు, పైన పావురాలు.
నాలుగింటికి ఎదురు గోడ మీద
తాత చేసిన నీడకి నీడ పడింది,
పొట్లకాయ మాత్రం సైన్‌బోర్డు వెనక్కి పోయి
రాయి ఒక్కటే కనబడింది.

గురువారం ఫ్రేము అందుకుంటూ
"ఏంటమ్మా, ఇంత బరువు?" అన్నారాయన.
"నీడలు కొంచెం ఎక్కువండీ ఇందులో" అన్నాను,
చిల్లర లెక్కపెడుతూ.