నలభై శాతం

చిత్తూరు బెల్లం మండీలో ఇరవై ఆరేండ్లుగా
కాటా పని నాది.
అచ్చు ఎత్తి చేతిలో పెట్టుకుంటే చాలు,
ఎంత తూగేదీ అరచెయ్యే చెప్పేస్తుంది.
మా అక్క కొడుకు మొగిలిని మాత్రం
మూడేండ్లుగా తూస్తానే ఉండా,
ముల్లు నిలవదు.

బంగారుపాళెం దాటినాక, రాత్రి పదకొండుకు,
లైట్లు లేకుండా నిలబెట్టిన లారీ వెనక.
బండికి పెద్దగా ఏమీ కాలేదు,
అద్దం ఒకటి పగిలింది.
రాయవేలూరులో నలభై దినాలు.
తల కుడిపక్క ఎముక తీసినారు, మళ్ళా పెట్టి కుట్టినారు.
కుట్లు మానినాయి, జుట్టు మొలిచింది.
చూసినోళ్ళంతా
"బాగుండాడే పిలగాడు" అనేసి పోతారు.

బాగానే ఉండాడు.
"మామా, అన్నం తిన్నావా?" అంటాడు.
తిన్నాన్రా అంటాను.
చెయ్యి కడుక్కోని వచ్చేలోపల
"మామా, అన్నం తిన్నావా?"
ఏడోసారికి కసురుకుంటాను.
ఎనిమిదోసారి అడగడు.
అడగకుండా గోడ పక్కకు తిరుక్కుంటాడే,
అదీ నాకు మింగుడుపడనిది.

పొద్దున ఫిట్సు మాత్ర వేసుకుంటాడు,
పొద్దుగూకితే దాన్ని ఓడగొట్టేదానికి పోతాడు.
తాగితే తలలో మోత తగ్గుతుందంట.
మా కుప్పమ్మక్క సెల్లు పోయింది, రాగిబిందె పోయింది,
ఒకతూరి గ్యాసు రెగ్యులేటరు కూడా.
మురిక్కాలవ గట్టు మీంచి వాణ్ణి భుజానేసుకోని వస్తా ఉంటే
మొగానికి కొట్టే ఆ వాసన నాకు కొత్తది కాదు.
పులిసిన నల్లబెల్లం.
మండీలో నల్లబెల్లం మూటలు కొనేదెవరో,
రాత్రిపూట యాడికి పోతాయో
ఎవరూ అడగరు.
నేనూ అడగలేదు.
తూచినాను, చీటీ రాసినాను.

సదరం క్యాంపుకు స్లాటు దొరికింది, మూడో ప్రయత్నానికి.
నలభై శాతం వస్తే పింఛను,
ముప్పై తొమ్మిదయితే చేతులూపుకుంటా ఇంటికి.
ముందురోజు రాత్రి పటం ముందర నిలబడితే
ఏమని మొక్కుకోవాలో తెలీలేదు.
వాణ్ణి బాగుచెయ్యి సామీ అని
మూడేండ్లు మొక్కిన నోటితోనే
రేపొక్క పూట బాగలేకుండా కనపడనీ సామీ అన్నాను.
అని, లెంపలేసుకున్నాను.

డాక్టరు పేరడిగితే
ఇంటిపేరుతో సహా చెప్పినాడు.
చేతులెత్తమంటే ఎత్తినాడు,
గీత మింద నడవమంటే నడిచినాడు.
ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి,
పెండ్లిచూపులకొచ్చినట్టు ఒక నవ్వు.
తలకు పోసి, దువ్వి తీసుకొచ్చింది నేనే కదా,
ఎవర్ని తిట్టేది?

"నూట్లో ఏడు పోతే?"
ఒకప్పుడు నాలుగు బండ్ల బెల్లం లెక్క
నోటితోనే తేల్చేసినోడు
నా మొగం చూసినాడు.
నా పెదాలు కదలబోయినాయి,
పండ్లతో పట్టుకున్నాను.
ఎందుకు పట్టుకున్నానో
వానికి తెలీకూడదు. అంతే.

"తాగుతాడా?"
ఆ ప్రశ్న నన్నే అడిగినాడు.
అవునంటే తాగుడుతో చెడినాడంటారు,
కాదంటే ఆ గదంతా వాసన ఉండాది.
"దెబ్బ తగిలినాక ఎక్కువైంది సార్" అన్నాను.
రాసుకున్నాడో లేదో,
కాయితం ఆయన పక్కకే ఉండాది.

ఫోనుకు మెసేజి వస్తుందంట.
వస్తే, ఒకటో తేదీన ఆ డబ్బు ఎవరి చేతికి ఇయ్యాల?
వాని చేతికిస్తే ఐదో తేదీకి మళ్ళా నల్లబెల్లమే.
నా చేతికి తీసుకుంటే, సంతకం వానిది,
బతుకు వానిది,
నేనెవుర్ని?

ఆటోలో చాలాసేపు వేళ్ళు మడిచి, విప్పి, మడిచి
"ఎనభై మూడు కదా మామా" అన్నాడు.
అవున్రా అన్నాను.
మీటరు గేజి రైలుకట్ట తీసేసిన దారిలో
ఎండ నిటారుగా దిగతా ఉండాది.
"మామా, అన్నం తిన్నావా?"

లేదురా,
పొద్దున్నించీ ఏమీ తినలేదు, నిజంగానే.
ఆటో ఆపమని చెప్పు.