వేణ్ణీళ్లకు తోడు

పగలంతా ఆమె చలిని రాస్తుంది.
ఉలాన్‌బాతర్ వాతావరణ కార్యాలయం, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల.
మూడు గంటలకోసారి అంకెలొస్తాయి.
మైనస్ ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి,
సాయంత్రానికి ముప్పై నాలుగు.
తప్పుల్లేకుండా గడుల్లో నింపి
సంతకం పెడుతుంది: ఒయూంగెరెల్.
దానికి నెలకోసారి జీతం.
పదిహేనో తారీఖుకి ఆ జీతం కూడా
సున్నాకి దిగువనే ఉంటుంది.

ఆరింటికి అదే చలిలోకి దిగి
కారు మీది బొంత తీస్తుంది.
జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన కారు.
తాళం తిప్పగానే ఆ భాషలో ఏదో అంటుంది,
స్వాగతమో, హెచ్చరికో,
ఆరేళ్లుగా ఆమెకి తెలీదు.
"సరేలేవే" అంటుంది రోజూ.

ఆ ఊళ్లో ట్యాక్సీకి బోర్డక్కర్లేదు.
రోడ్డంచున ఎవరైనా చెయ్యి చాపితే
ఏ కారైనా ఆగొచ్చు. ఆగిందే ట్యాక్సీ.
కిలోమీటరుకింత.
నిన్న ఒకాయన గొర్రె మొత్తాన్ని,
గడ్డకట్టిన నాలుగు కాళ్లూ పైకి,
ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు.
దానికి విడిగా అడగాలా అని దారంతా ఆలోచించింది.
అడగలేదు.
ఇల్లు చేరాక, అడగాల్సింది అనుకుంది.

ఈ రాత్రి సర్కస్ భవనం దాటాక ఒక చెయ్యి.
రెండు గోనెసంచులు, ముఖం నిండా మఫ్లర్,
కనురెప్పల మీద మంచు.
"కొండ మీదికి, నీళ్ల కొట్టు దాకా."
ఆ గొంతు
తన కొడుక్కి భిన్నాలు చెప్పే గొంతు.
నోమిన్‌దారి టీచర్.

అద్దంలో కళ్లు కలిసి
ఎవరివి వాళ్లు వెనక్కి తీసుకున్నారు.
రెండు సిగ్నళ్లు దాటినా మాటల్లేవు.
మూడోదాని దగ్గర కారే మాట్లాడింది, జపనీస్‌లో.
ముందు నవ్వింది టీచరే.

సంచుల్లో బూజ్.
మన బూజు కాదు, మాంసం కుడుములు.
పండక్కి ఇంటింటికీ వందలు కావాలి.
బడి వదిలాక చుట్టడం, బాల్కనీలో పరచడం,
తెల్లారేసరికి రాళ్లు.
"చలికి కరెంటు బిల్లు రాదు కదా."
"ఎన్ని డిగ్రీలకి గడ్డకడతాయి?"
ఉద్యోగం అలవాటుకొద్దీ అడిగింది ఒయూంగెరెల్.
"నాకేం తెలుసు? గోడకేసి కొడితే మోగాలి."

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటాం మనం.
నీళ్లు నీళ్లలా ఉండే చోట పుట్టిన మాట.
ఇక్కడ చన్నీళ్లు గిన్నెలోనే రాయై కూచుంటాయి.
అయినా తోడు తోడే.
ఒకామె పగలు రాసిన మైనస్‌ని
ఇంకొకామె రాత్రి పరిచి అమ్ముకుంటోంది.

కొండ మీద టీచర్ పర్సు తీసింది.
ఒయూంగెరెల్ వద్దంది. వద్దంటే వద్దంది.
కాసేపాగి, సంచి వైపు చూస్తూ,
"ముప్పై ఇవ్వండి."
చేతి తొడుగులు తీసి, కారు లైటు వెలుగులో
టీచర్ ముప్పై ఐదు లెక్కపెట్టింది.
ఒక్కొక్కటీ టక్కుమంటూ పడింది.

"మీవాడు హోంవర్క్ చెయ్యట్లేదు," అంది దిగుతూ.
"రాత్రిళ్లు ఇంట్లో ఎవరుంటారు?"

దానికి గడి లేదు ఒయూంగెరెల్ దగ్గర.
మరి మీ ఇంట్లో, అని అడగబోయేలోగా
తలుపు పడింది.

కుడుములు కరిగిపోకుండా
హీటరు ఆపేసి కొండ దిగింది.
ఊపిరి అద్దానికంటి తెల్లబడుతోంది.
దారిలో చాపిన మొదటి చేతిని దాటేసింది.
రెండో చెయ్యి కనబడేసరికి
కాలు బ్రేకు మీదుంది.